పదిహేడో నంబరు టేపు: పెదనాన్న కొట్టు టైమ్‌ల్యాప్స్ వీసీఆర్ డైరీ

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె వచ్చిందన్న మాటే గానీ ఎండ తగ్గలా. మధ్యాహ్నం పూట పెదనాన్న పాత బట్టల కొట్టు అటకెక్కి ఈ పెట్టెని, అదే కొట్టు కెమెరా బొమ్మల్ని క్యాసెట్ల మీద మెల్లిగా ఎక్కించే టైమ్‌ల్యాప్స్ వీసీఆర్‌ని, కిందికి దించేసరికి బనీను పిండితే గ్లాసుడు చెమట వచ్చేట్టుంది. బరువు కూడా మామూలుగా లేదు, హార్డ్ డిస్కులో రికార్డు చేసే ఇప్పటి డీవీఆర్ అయితే ఒంటిచేత్తో పట్టుకుని నిచ్చెన దిగుతాం, దీనికి పైన నేను, కింద మా తమ్ముడు. దుమ్ము తుడుస్తుంటే ముందు ప్లేటు మీద అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, 3, 24, 48, 72, అలా పోయి పోయి 960. అవి గంటలు. మూడు గంటల మామూలు వీహెచ్‌ఎస్ క్యాసెట్టు మీద 960 గంటలు, అంటే 40 రోజులు ఎక్కిస్తుందన్నమాట. ఎట్టా ఎక్కిస్తుందో తర్వాత రాస్తా.

కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ముందు ముందు దీన్ని తిట్టాల్సి రావచ్చు. 1999లో పెదనాన్న చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాడు. అప్పుడు మా కందుకూరు ప్రకాశం జిల్లా. 1970కి ముందు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో తీసుకెళ్ళి మళ్ళీ నెల్లూరులో కలిపారు. మెషీన్ అటక మీద కదలకుండా కూర్చునుంది, జిల్లానే అటూ ఇటూ తిరిగింది.

దీంతో పాటు ఒక అట్టపెట్టె దొరికింది, అందులో 31 క్యాసెట్లు. వెన్ను మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో 1 నుంచి 31 దాకా గుమాస్తా చేతిరాత. ఒకటో తారీఖు ఒకటో టేపు, రెండో తారీఖు రెండోది, నెల తిరగ్గానే మళ్ళీ ఒకటి. ఆ రోజుల్లో అందరూ చేసే పద్ధతే.

నాకు కావాల్సింది 17. 2004 అక్టోబరు 17, దసరాకి ముందు ఆదివారం, కొట్టు కిటకిటలాడిన రోజు, రాత్రి గల్లాపెట్టె లెక్క చూస్తే 38 వేలు తక్కువొచ్చింది. కౌంటర్ పక్కన చీరలు మడతేసే కుర్రోడు ఒకడుండేవాడు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, నాకు గాలిపటం దారానికి మాంజా పట్టడం నేర్పింది వాడే. డబ్బు వాడే తీశాడని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఇవాళ మళ్ళీ అడిగితే పెదనాన్న ఒకటే మాట, "తీయకపోతే మర్నాటి నుంచి పనిలోకి ఎందుకు రాలేదురా అబ్బయ్యా? పత్తా లేకుండా పోయాడు గదా."

ఆ టేపు అప్పుడు చూళ్ళేదా అంటే చూశారు, ఇంట్లో సినిమాలు చూసే వీసీఆర్‌లో పెట్టి. 24 గంటల మోడ్‌లో ఎక్కించిన టేపుని మామూలు వీసీఆర్‌లో పెడితే ఎనిమిది రెట్లు స్పీడుగా పరిగెడుతుంది, మధ్యలో గ్రెయిన్స్, గీతలు. నేనప్పుడు పదో క్లాసు, నాకు గుర్తుంది, జనం చాప్లిన్ లాగా గబగబా నడుస్తుంటే పిల్లలం నవ్వుతున్నాం, పెదనాన్న "ఆపండ్రా" అని అరిచాడు. అంతే, టేపు తీసి పక్కన పడేశారు.

ఇప్పుడు నా పనే కెమెరాలు బిగించడం. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి ఫుటేజీ తీసిపెడుతున్నా, ఇంట్లోది మాత్రం అటక మీదే ఉంది.

జూన్ 10, మంగళవారం

రాత్రి గంటన్నర దొరికింది. మూత తీశా. లోపల బల్లి గుడ్డు పెంకులు రెండు, సాలెగూడు, ఎండిపోయిన బొద్దింక ఒకటి. నేరుగా ప్లగ్ పెట్టే ప్రసక్తే లేదు, పదహారేళ్ళు కరెంటు చూడని పవర్ సప్లైకి ఒక్కసారి 230 వోల్టులు ఇస్తే ఏమవుద్దో ఈ లైన్లో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు. బోర్డు బయటికి తీసి చూస్తే సెకండరీ వైపు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఐదింటిలో మూడు పైన ఉబ్బి ఉన్నాయి, ఒకదాని కింద బోర్డు మీద గోధుమ రంగు మరక. ఐదూ మార్చేశా, 105 డిగ్రీలవి, షాపులో ఉన్నవే. గడియారం కోసం పెట్టిన చిన్న బ్యాటరీ కారి పక్కనున్న ట్రాక్‌ని తినేసింది, వెనిగర్ పెట్టి తుడిచి, ఐపీఏతో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, సన్న వైరుతో జంపర్ వేశా.

తర్వాత లోపల షార్ట్ ఉంటే తెలియడానికి కరెంటు దారిలో సీరీస్ బల్బు పెట్టి ఆన్ చేశా. 60 వాట్ల బల్బు ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది. ఎక్కడా షార్ట్ లేనట్టే. డిస్‌ప్లేలో 00:00 మిణుకుమంది. చాల్లే ఈ పూటకి.

ఇంకోటి, పవర్ సప్లై మీద చెయ్యి పెట్టే ముందు పెద్ద కెపాసిటర్ డిశ్చార్జ్ చేయండి. ప్లగ్ తీసేశాం గదా అని నేను ఒకసారి ముట్టుకుని భుజం దాకా జివ్వుమని రెండు రోజులు టిఫిన్ ఎడమ చేత్తో తిన్నా.

జూన్ 15, ఆదివారం

ఈ రోజంతా మెకానిజమే. లోడింగ్ బెల్టు ముట్టుకుంటే వేలికి తారు లాగా అంటుకుంది, రబ్బరు కరిగిపోయింది. పుల్లీ మీద నుంచి ఆ జిడ్డు తీయడానికే అరగంట. పాత గ్రీజు గట్టిపడి బెల్లం పాకం లాగా అయింది, క్యాసెట్టుని లోపలికి లాక్కునే ట్రే అందుకే కదలట్లేదు. ఐపీఏలో ముంచిన బ్రష్‌తో మొత్తం కడిగి, జారే చోట్ల మాత్రం వైట్ గ్రీజు అగ్గిపుల్ల మొనతో తాకించా. ఎక్కువ పూస్తే అది పాకి పాకి రబ్బరు మీదికొస్తుంది, అప్పుడు ఉన్న రోగం పోయి కొత్త రోగం.

పించ్ రోలర్ అనే రబ్బరు చక్రం అద్దంలా మెరుస్తోంది. చూడ్డానికి బాగుంటుంది గానీ రోలర్ మెరిసిందంటే పట్టు పోయినట్టే. క్యాప్‌స్టన్ అనే సన్నటి ఇనప కడ్డీకీ ఈ రబ్బరుకీ మధ్య నలిగే టేపు ముందుకెళ్తుంది, రోలర్ జారితే టేపు వంకరపోతుంది, ఆ తర్వాత ముడతలు. సన్న ఎమెరీ పేపర్‌తో ఒక్క పొర గీకి కడిగా, ఇది తాత్కాలికమే. క్యాప్‌స్టన్ మీద కూడా గోధుమ రంగు చారలు, అది టేపు మీంచి రాలిన ఆక్సైడే, అంటే బొమ్మ ఎక్కే పూత, పదేళ్ళది.

టేపు గైడ్ పోస్టుల స్క్రూల మీద ఎర్ర పెయింటు చుక్కలున్నాయి, కంపెనీ వాడు సీల్ చేసినవి. వాటి జోలికి పోలేదు. వాటిని కదిపితే ఈ మెషీన్ ఎక్కించిన 31 టేపులూ దీనికే పరాయివైపోతాయి. రికార్డు చేసిన మెషీన్‌లోనే ప్లే చేయాలని నేను పట్టుబట్టడానికి కారణం కూడా అదే, అలైన్‌మెంట్‌లో ఏ వంకరుంటే ఆ వంకరతోనే రాసి ఉంటుంది, ఆ వంకరతోనే చదువుకోవాలి.

జూన్ 18, బుధవారం

బెల్టూ, రీళ్ళని తిప్పే చిన్న రబ్బరు చక్రం ఐడ్లర్ టైరూ చెన్నై నుంచి కొరియర్‌లో వచ్చాయి. సరిగ్గా ఈ మోడల్‌వి కాదు, కొలత దగ్గరగా ఉన్నవి. కొత్త మెషీన్లు చేసేవాళ్ళే లేరు, చివరి దాకా చేసిన జపాన్ ఫునాయ్ వాళ్ళు 2016 జులైలో ఆపేశారు. మన బోటి వాళ్ళం ఇక కొలతలు చూసుకుంటూ బతకాల్సిందే.

జూన్ 22, ఆదివారం

హెడ్ క్లీనింగ్. డ్రమ్ అంటే 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మెరిసే గుండ్రటి దిమ్మ, నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, అంచున ఎదురెదురుగా టేపు మీద బొమ్మని రాసే, చదివే హెడ్లు రెండు, బియ్యపు నూకంత ఉంటాయి. షమ్మీ లెదర్ ముక్కని ఐపీఏలో తడిపి డ్రమ్‌కి ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో పైనుంచి డ్రమ్‌ని తిప్పాలి. గుడ్డని కదపకూడదు, డ్రమ్‌నే తిప్పాలి, పైకీ కిందికీ మాత్రం అస్సలు రుద్దొద్దు, హెడ్ చిప్ పుటుక్కున విరుగుద్ది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు కూడా వద్దు, పోగులు ఇరుక్కుంటాయి. నాలుగు సార్లు తుడిస్తే నాలుగో గుడ్డ తెల్లగా వచ్చింది. కంట్రోల్ హెడ్‌కి, పాత బొమ్మని చెరిపే ఎరేజ్ హెడ్‌కి మాత్రం దూది చాలు.

మెనూలోకెళ్ళి చూస్తే హెడ్ నడిచిన గంటలు 31,412 అని చూపిస్తోంది. రాత్రీ పగలూ నడిచే మెషీన్‌కి ఏడాదికి 8,760 గంటలు గదా, పదేళ్ళకి ఈ లెక్క సరిపోదు, మధ్యలో హెడ్ మార్పించినప్పుడు నెల్లూరు మెకానిక్ సున్నా చేసి ఉంటాడు.

మొదట ఎందుకూ పనికిరాని పాత టేపొకటి పెట్టి చూశా. లోపలికి తీసుకుంది, చుట్టుకుంది, బొమ్మ వచ్చింది! ట్రాకింగ్ సర్దగానే అడుగున గీత కూడా పోయింది. ఆ ఊపులో నేరుగా 5వ నంబరు టేపు పెట్టేశా, అదే నేను చేసిన వెధవ పని. పది నిమిషాలు బాగానే ఆడి లోపల్నుంచి కరకరమని చప్పుడు, బొమ్మ పోయింది. ఎజెక్ట్ నొక్కితే క్యాసెట్టు బయటికొచ్చింది గానీ టేపు లోపలే, శేమియా లాగా చుట్టలు చుట్టలు. కొత్త ఐడ్లర్ టైరు కొలత అర మిల్లీమీటరు తక్కువ, చుట్టుకునే రీలుని సరిగ్గా తిప్పట్లేదు, క్యాప్‌స్టన్ ఏమో టేపుని వదుల్తానే ఉంది.

జానెడు టేపు పోయింది. నలిగిన ముక్క కత్తిరించి స్ప్లైసింగ్ టేపుతో వెనక వైపు అతికించా. మామూలు సెల్లో టేపు వాడకండి, జిగురు కారి డ్రమ్‌కి అంటుకుంటే హెడ్ గోవిందా. టైరు మళ్ళీ ఆర్డర్ పెట్టా, ఈసారి వెర్నియర్‌తో కొలిచి.

17ని ముందు పెట్టనందుకు మాత్రం వెయ్యి దండాలు.

జూన్ 29, ఆదివారం

కొత్త టైరు సరిపోయింది. ఈ వారం టేపుల వైద్యం. 31లో తొమ్మిదింటికి క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లటి బూజు. కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడల్లా ఆ అటక గోడ చెమర్చేది, బూజు పట్టక ఏమవుద్ది. బూజు టేపుని మంచి మెషీన్‌లో పెడితే ఆ పొడి హెడ్ మీద కూర్చుని పక్క టేపుకి ఎక్కుద్ది. అందుకని వాటిని మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి వారం ఆరబెట్టా, తర్వాత స్క్రూలు విప్పి, పనికిరాని పాత వీసీఆర్ రీళ్ళ మీద చుట్టిస్తూ రెండు వైపులా పొడి షమ్మీ పట్టుకున్నా. పెద్దమ్మ ఎండలో పెట్టరా, వడియాల్లాగా ఎండుతాయంది. ఎండలో పెడితే టేపు సాగిపోతుంది పెద్దమ్మా అంటే మా కాలంలో ఇట్టాంటివి లేవమ్మా అంది, ఇది తన కాలందే అని చెప్పినా వినలా. 17కి బూజు లేదు, దేవుడి దయ. బాగున్న వాటిని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్ళీ రివైండ్ చేశా, ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి, అలా ఒకసారి వదులవ్వాలి.

ఇప్పుడు ఆ గంటల సంగతి. మామూలు స్పీడులో టేపు సెకనుకి 23.39 మిల్లీమీటర్లు నడుస్తుంది, మన టీవీ పద్ధతి పీఏఎల్ కాబట్టి సెకనుకి 50 ఫీల్డులు, అంటే 50 సగం బొమ్మలు ఎక్కుతాయి. 24 గంటల మోడ్‌లో దాన్ని ఎనిమిదో వంతుకి తగ్గిస్తారు, సెకనుకి 3 మిల్లీమీటర్ల లోపు, ఆరు పైచిలుకు బొమ్మలు, అంటే 0.16 సెకనుకి ఒకటి. 960 మోడ్‌లో అయితే 6.4 సెకన్లకి ఒక్క బొమ్మ. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి తీసి జేబులో వేసుకోడానికి అంతసేపు పట్టదు గదా. అమ్మేవాడు "నలభై రోజులు రికార్డవుద్ది సార్" అని ఊదరగొడతాడు, ఆ నలభై రోజుల్లో ఏం పోగొట్టుకుంటున్నామో చెప్పడు. పెదనాన్న కనీసం 24లో పెట్టాడు, అది మేలే. వెనకాల అలారం టెర్మినల్ కూడా ఉంది, ఒక స్విచ్చు కలిపితే ఆ స్విచ్చు పడగానే 3 గంటల మోడ్‌కి మారి పూర్తి స్పీడులో ఎక్కిస్తుంది. గల్లాపెట్టె సొరుక్కి ఒక చిన్న మైక్రో స్విచ్చు పెట్టుంటే సొరుగు తెరిచినప్పుడల్లా సెకనుకి 50 బొమ్మలు వచ్చేవి. టెర్మినల్ స్క్రూలు కంపెనీ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, ఒక్కసారి కూడా విప్పలా.

టేపుల సంగతి ఇంకా ఘోరం. ఇట్టాంటి మెషీన్లకి ఒక టేపుని పన్నెండు సార్లు వాడి పారెయ్యాలనేది ఆ రోజుల్లో సెక్యూరిటీ వాళ్ళ లెక్క, అంటే 31 టేపుల సెట్టు ఏడాదికి ఒకటి. హెడ్డు సెకనుకి దాదాపు 5 మీటర్ల వేగంతో రుద్దుతుంటే టేపు మాత్రం నత్తలాగా కదుల్తుంది, ఒకే చోట ఎన్ని సార్లు రాపిడో చూడండి. పెదనాన్న ఒకే సెట్టు పదేళ్ళు వాడాడు. జాకెట్టు ముక్క మీద రూపాయి తగ్గించని మనిషి, 31 టేపులు కొత్తవి కొంటాడా.

జులై 6, ఆదివారం

17 పెట్టా.

కంప్యూటర్‌కి ఎక్కించే దారి రాస్తా ముందు. వెనకాల వీడియో అవుట్ కెమెరా వైర్లకి వాడే బీఎన్‌సీ సాకెట్టు, దాన్ని మామూలు టీవీ పిన్నుకి మార్చే ఆర్‌సీఏ కన్వర్టర్ పెట్టా. నేరుగా యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కకి ఇస్తే ప్రతి రెండు నిమిషాలకీ సింక్ పోయి నీలం తెర వస్తోంది, టైమ్‌ల్యాప్స్ సిగ్నల్ అంత నిలకడగా ఉండదు. మధ్యలో ఒక పాత డీవీడీ రికార్డర్ పెట్టి దాని గుండా పంపిస్తే సిగ్నల్‌ని సరిచేసి ఇస్తోంది, అప్పట్నుంచి నీలం తెర లేదు. బొమ్మ సైజు 720 బై 576 పిక్సెళ్ళు. శబ్దం లేదు, ఈ మోడ్‌లో ఆడియో ఎక్కించలేదు.

బొమ్మ వచ్చింది. బ్లాక్ అండ్ వైట్, కౌంటర్ పైనుంచి, పెదనాన్న బట్టతల, గల్లాపెట్టె, కుడివైపు చీరల అర. కింద తారీఖు.

17-03-09.

రెండు నిమిషాలు నాకు బుర్ర పనిచేయలా. గడియారం తప్పేమో అనుకున్నా. కాదు, గుమాస్తా ప్రతి నెలా ఒకటో తారీఖున టీవీ చూసి గడియారం సరిచేసేవాడు. ఆ కొట్లో డీవీఆర్ పెట్టింది 2009 మార్చి నెలాఖరులో. అప్పటిదాకా ఈ 31 టేపులూ తిరుగుతూనే ఉన్నాయి. 2004 అక్టోబరు 18న టేపు చూసి పక్కన పడేశారన్నా గదా, గుమాస్తా పద్ధతి గల మనిషి, తీసి దాని స్థానంలో సర్దేశాడు. నవంబరు 17న మళ్ళీ అదే పెట్టాడు. డిసెంబరు 17న మళ్ళీ. వేళ్ళు ముడిచి లెక్కేశా, మొత్తం 53 సార్లు దాని మీద రాసేశాడు.

క్యాసెట్టు వెన్ను మూల ఒక చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని స్క్రూ డ్రైవర్‌తో పుటుక్కుమనిపిస్తే ఏ మెషీనూ దాని మీద రికార్డు చెయ్యదు. ఒక్క క్షణం పని. ఆ పూట ఎవరికీ తోచలా.

ఇంత పనిచేస్తూ, ఈ వృత్తిలో ఉంటూ, ఈ సంగతి ముందే తట్టని నన్ను ఏమనాలి. నెల తిరిగితే చెరిగిపోద్దని ప్రతి కస్టమర్‌కీ చెప్పే వాడినే గదా నేను.

జులై 13, ఆదివారం

వదిలేద్దామనుకున్నా. కానీ 9వ నంబరు క్యాప్చర్‌కి పెట్టి ఉన్నా, ఎట్టాగూ పెట్టా గదా అని ఆపకుండా అన్నానికి లేచా. వచ్చేసరికి స్క్రీన్ మీద చీకటి కొట్టు, కింద 10-08-06.

2006? ఇందాక చూసింది 10-03-09 పొద్దున గదా.

వెనక్కి తిప్పి చూశా. 2009 మార్చి 10 పొద్దున 9 అవుతుండగా గుమాస్తా కౌంటర్ కిందికి వంగాడు, అక్కడే రికార్డర్ ఉండేది, టేపు తీయడానికి. బొమ్మ ఆగింది. తర్వాత కాసేపు చుక్కలు. తర్వాత 2006.

గోంగూర పప్పు చెయ్యి అట్టానే పెట్టుకుని కూర్చుండిపోయా. ఇది ఇన్నాళ్ళూ తట్టలేదేంటి! కొత్త రికార్డింగు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకానే పాతది చెరుగుతుంది. ఆ తర్వాత ఉన్న తోక అట్టానే ఉంటుంది. ఎరేజ్ హెడ్డు డ్రమ్ కంటే ముందుంటుంది కాబట్టి జాయింటు దగ్గర కొన్ని అంగుళాలు చెరిగి ఖాళీగా మిగుల్తాయి, ఆ చుక్కలు అవే. అయితే రోజూ టేపు ఒకే చోట ఆగదు, కరెంటు పోయినంతసేపు మెషీన్ నడవదు, నాలుగు గంటల కోత పడితే టేపు 20 గంటల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అంటే కోతలు లేని రోజు రికార్డింగే టేపులో అన్నిటికంటే దూరం పోయి ఉంటుంది, ఆ రోజు చివరి ముక్క మీద రాయడానికి మళ్ళీ ఎవరూ అంత దూరం రాకపోతే అది అట్టానే బతికుంటుంది.

వెంటనే పెద్దమ్మకి ఫోన్ చేశా. ఆ దసరాకి కొట్లో కరెంటు సంగతి ఏంది పెద్దమ్మా? "జనరేటర్ అద్దెకి తెచ్చాడు గదరా పండగ వారం మొత్తం, ఆ చప్పుడుకి నాకు తలనొప్పి." కొట్టు ఎన్నింటికి తెరిచేవాళ్ళు? మామూలుగా తొమ్మిది, పండగ వారం ఎనిమిది లోపే.

ఈ-180, అంటే మూడు గంటల క్యాసెట్టులో టేపు 258 మీటర్లు. సెకనుకి 23.39 మిల్లీమీటర్లతో భాగిస్తే 3 గంటల 4 నిమిషాలు, ఆ నాలుగు నిమిషాలు కంపెనీ వాడి కొసరు. 24 మోడ్‌లో ఆ కొసరు అరగంట అవుతుంది. పొద్దున టేపు పెట్టి మర్నాడు అదే టైముకి తీసేవాడు ఎప్పుడూ ఆ కొసరులోకి పోడు. ఆ ఆదివారం ఎనిమిది లోపు పెట్టిన టేపుని సోమవారం తీయడం ఆలస్యమై ఉంటే, ఇంట్లో గొడవ జరిగిన మర్నాడు కాబట్టి అయ్యే ఉంటుంది, అది చివరి అంగుళం దాకా పోయి తనే ఆగి ఉంటుంది.

ఇవాళే పెట్టాలని చేతులు దురదపెట్టాయి గానీ తొమ్మిదో నంబరు బూజు టేపు, దాని తర్వాత హెడ్ కడక్కుండా 17 పెట్టను.

జులై 20, ఆదివారం

హెడ్ కడిగి, పించ్ రోలర్ తుడిచి, పాత టేపు పెట్టి పది నిమిషాలు ఆడించి, అప్పుడు 17. ఈసారి ముందే రెక్క విరగ్గొట్టా. పెదనాన్నని పిలిచా, రానన్నాడు, మళ్ళీ తనే వచ్చి వెనకాల కుర్చీ వేసుకున్నాడు.

2009 ముక్క అయిపోయింది, గుమాస్తా వంగాడు, చుక్కలు. 18-12-07, చీకటి కొట్టు, ఏమీ లేదు, చుక్కలు. ట్రాకింగ్ కొంచెం తప్పింది, నాబ్ అర వీసం తిప్పా, నిలబడింది.

18-10-04, 07:58.

టేపు అయిపోయే దాకా 22 నిమిషాలు. కొలిస్తే నాలుగు మీటర్ల టేపు కూడా లేదు. 8:01కి షట్టరు లేచింది, వెలుతురు లోపలికి కొట్టి బొమ్మ మొత్తం తెల్లగా అయిపోయి మెల్లిగా కుదురుకుంది. లోపలికొచ్చింది ఆ కుర్రోడు. చొక్కా చేతులు మడిచి చీపురు తీసుకున్నాడు. సెకనుకి ఆరు బొమ్మలే కాబట్టి తెగి తెగి కదుల్తాడు, చీపురు ఇక్కడుంటుంది, మళ్ళీ అక్కడుంటుంది. నీళ్ళు చల్లాడు, బల్ల తుడిచాడు, దేవుడి పటానికి అగరొత్తి పెట్టి రెండు నిమిషాలు నిలబడ్డాడు.

8:11కి పెదనాన్న వచ్చాడు. కూర్చోలా. వీడు చీపురు గోడకి ఆనించి కౌంటర్ ముందుకొచ్చాడు. శబ్దం లేదు. పెదనాన్న చెయ్యి లేచింది, షట్టరు వైపు చూపించింది, మళ్ళీ లేచింది. ఆ కుర్రోడు ఏదో అంటున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. 8:16కి నడుం దగ్గర్నుంచి తాళాలగుత్తి తీసి కౌంటర్ మీద పెట్టాడు. చెప్పులు బయటే వదిలినట్టున్నాడు, వెలుతుర్లోకి పోయి వంగి, లేచి, ఇక కనపడలా. ఆ తర్వాత నాలుగు నిమిషాలు పెదనాన్న ఒక్కడే, నిలబడే ఉన్నాడు, తాళాలు తీయలా. 08:20కి టేపు అయిపోయింది, మెషీన్ టక్కుమని ఆగి రివైండ్ మొదలుపెట్టింది.

గదిలో రివైండ్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ ఫ్యాను వెనక్కి తిరుగుతుందేందిరా" అన్నాడు పెదనాన్న.

సెకనుకి ఆరు బొమ్మలే తీస్తుంది గదా పెదనాన్నా, ఒక్కో బొమ్మకీ రెక్క దాదాపు ఒక చుట్టు చుట్టి కొంచెం తక్కువలో ఆగితే కంటికి వెనక్కి తిరిగినట్టుంటుంది అని చెప్పా. విన్నాడో లేదో. ఇంకోసారి పెట్టమంటాడేమో అని చూశా. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

జులై 22, మంగళవారం

క్యాప్చర్ ఫైలు రెండు చోట్ల కాపీ పెట్టా. హెడ్ మళ్ళీ కడిగా, నాలుగో గుడ్డ తెల్లగానే ఉంది. పించ్ రోలర్ రెండు నెలలకి మించి రాదు, కొత్తది వెతకాలి. 18 నుంచి 31 దాకా టేపుల తోకలు ఇంకా చూడలా.

సాయంత్రం పెదనాన్న షాపుకొచ్చాడు, టేపు అడిగాడు. రెక్క విరిచేశా, ఇక చెరగదు అని చెప్పి ఇచ్చా. పెట్టె అటూ ఇటూ తిప్పి ఆ విరిగిన చోట బొటనవేలు పెట్టి చూసుకుని, సంచిలో వేసుకున్నాడు. పెద్దమ్మ రాత్రి ఫోన్ చేసి, మీ పెదనాన్న ఒక క్యాసెట్టు తెచ్చి బీరువాలో పొలం కాగితాల కింద పెట్టాడు, పాత గుమాస్తా నంబరు ఎవరి దగ్గరుందని అడుగుతున్నాడు, ఏందిరా సంగతి అంది.